నాలుగు గంటల ఫ్రెంచి క్లాసు

1940 జూన్ 24, సోమవారం. మదనపల్లె

ఫ్రాన్సు ఓడిపోయింది. పొద్దున పేపర్లో ఆ వార్త చూసి కూడా నేను కాఫీ పూర్తిగా తాగాను. కానీ మధ్యాహ్నానికి ఊళ్ళోవాళ్ళు నన్ను పరామర్శించడానికి రావడం మొదలుపెట్టారు. ముందుగా మా కాలేజీ బంట్రోతు సిద్దప్ప వచ్చి గడప దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీవోళ్ళు ఓడిపోయిరంట గదా సామీ."

"మావాళ్ళు ఎవరు సిద్దప్పా?"

"అదే, ఫ్రెంచోళ్ళు. ఏం జేస్తాం, యెవురి రాత వాళ్ళది. రవంత అన్నం తినండి."

నేను పుట్టింది కుప్పం మిషను కాంపౌండులో. ఫ్రాన్సు నేను చూడలేదు. పాండిచ్చేరి చూశాను, అదీ రెండు రోజులు, ఆ రెండు రోజులూ కడుపునొప్పి. అయినా సాయంత్రంలోగా ఏడుగురు వచ్చి పోయారు. ఎదురింటివాళ్ళు పండగని పాయసం చేసుకున్నారట. ఇలాంటి ఇంటికి తీపి పంపకూడదని మజ్జిగ పంపారు.

నవ్వుకోవచ్చు. కానీ జులైలో అడ్మిషన్లు. ఈ కాలేజీలో ఫ్రెంచికీ భూగోళానికీ కలిపి నేనొక్కణ్ణే లెక్చరర్ని. ఓడిపోయిన దేశం భాష ఎవరు చదువుతారు? భూగోళం సంగతి ఇంకా బాగుంది. నా గదిలో గోడకున్న ఐరోపా పటంలో దేశాలు నెలకు రెండు చొప్పున మాయమవుతున్నాయి.

ఈ డైరీ ఇవాళే మొదలుపెట్టాను. మనసులో మాట చెప్పుకోవడానికి నాకు ఎవరూ లేరు. లేరని బాధేమీ లేదు.

జులై 12

ఒక్కడు చేరాడు. సదుం నుంచి వచ్చిన రెడ్డెప్ప. వాడు కూడా తర్కశాస్త్రం గది అనుకుని వచ్చాడు. కూర్చోబెట్టి తలుపు వేశాను.

జులై 15

ప్రిన్సిపాల్ గారు పిలిచారు. మంచి మనిషి. అందుకే చెడ్డ మాట చెప్పడానికి ఆయనకు అరగంట పట్టింది.

"జనవరిలో యూనివర్సిటీవాళ్ళు తనిఖీకి వస్తారు ప్రసాదరావ్. రిజిస్టరులో అయిదు పేర్లు, ఎదురుగా అయిదు తలకాయలు ఉండాల. లేదంటే నీ రెండు సబ్జెక్టులూ ఎత్తేస్తారు. నువ్వు నాకు కావాల్సినోడివే. కానీ ఖాళీ బెంచీలకు పాఠం చెప్పేదానికి మనిషి యాల?"

ఎత్తేస్తే కుప్పమే. అక్కడి మిషను ఎలిమెంటరీ బడికి మా మామ ప్రభుదాసు మేనేజరు. హెడ్మాస్టరు కుర్చీ నాకోసమే ఖాళీగా ఉంచానని రెండేళ్ళుగా జాబులు రాస్తున్నాడు. నూట ముప్పై మంది పిల్లలు, ఒకటే గది. ఉదయం బడి, సాయంత్రం ప్రార్థన, ఆ రెండింటి మధ్య మామ. నేను చచ్చినా వెళ్ళను.

జులై 20

పిల్లలను వెతుక్కుంటూ పుంగనూరు వెళ్ళాను. బెల్లం మండీ వెంకటరమణప్ప కొడుకు ఈ ఏడు ఎస్.ఎస్.ఎల్.సి. పాసయ్యాడు. వెంకటరమణప్ప నన్ను గౌరవంగా కూర్చోబెట్టి బెల్లంముక్క చేతిలో పెట్టాడు.

"ఓడిపోయినోళ్ళ భాష మావోనికి యాల అప్పా? గెలిసినోళ్ళది చెప్పు, రేపే పంపిస్తా."

"జర్మను నాకు రాదండీ."

"నేర్సుకో, వయసులో ఉండావు. ఆ రెండోది ఏమన్నావు, భూగోళమా? అందులో ఏముంటాది?"

"నదులు, కొండలు, గాలులు, వానలు."

"అవి యాడుండేవి ఆడుంటాయి గదా. మావోడు సదివితే కదలతాయా?"

దీనికి చాలా మంచి సమాధానం ఉంది. అది నాకు తిరుగుబస్సు ఎక్కాక తట్టింది.

ఆ బస్సు టైరు దారిలో, మిషను క్షయ ఆసుపత్రి ఎదుట పగిలింది. మంచినీళ్ళకని లోపలికి పోయాను. పొడుగాటి వరండా, ఈ చివరి నుంచి ఆ చివరికి ఇనప మంచాలు, వాటి మీద చూరుకేసి చూస్తూ మనుషులు. మూడో మంచం మీద నా చిన్ననాటి స్నేహితుడు బర్నబాస్. ఆరు నెలలుగా ఇక్కడే ఉన్నాడట. నాకు తెలియనే తెలియదు. నాకు సిగ్గేసింది.

"జబ్బు తగ్గుతాండాదిలేప్పా. ఈ పండుకునేదే తట్టుకోలేకుండాను. వాసాలు లెక్కబెట్టేది అయిపోయింది. ఇప్పుడు పెంకులు లెక్కబెడతాండా. ఏదన్నా ఒక పని జెప్పు, పడుకోనే చేసేది."

బస్సు బాగయ్యేదాకా నేను ఆ మంచాలు లెక్కపెట్టాను.

జులై 29

యూనివర్సిటీ నిబంధనలు మూడుసార్లు చదివాను. తరగతి పైకప్పు కింద జరగాలి, నల్లబల్ల ఉండాలి, విద్యార్థి ఎస్.ఎస్.ఎల్.సి. పాసై ఉండాలి. కూర్చుని ఉండాలని ఎక్కడా లేదు. ప్రిన్సిపాల్ గారు కూడా చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివి, సంతకం పెట్టారు.

నలుగురు దొరికారు. బర్నబాస్. గంగవరం బడిపంతులు మల్లప్ప, ఎస్.ఎస్.ఎల్.సి. పాసై ఇరవై ఏడేళ్ళయిందట. ఆడవాళ్ళ వార్డులో రుక్మిణమ్మ, ఆమె కూడా టీచరే. ఆమె మంచం వరండా చివరికి జరిపి మధ్యలో తెర కట్టారు. కుప్పం దగ్గర పల్లెవాడు మునికృష్ణ, ఇరవై రెండేళ్ళు, అందరికంటే చురుకు. కాలేజీలో రెడ్డెప్పతో కలిపి సరిగ్గా అయిదుగురు.

పెద్ద డాక్టరు ఒప్పుకున్నాడు. కానీ వార్డు ఆయనది కాదట, సిస్టర్ విక్టోరియాదట. ఆమె నన్ను మంచాల మధ్య నిలబెట్టి షరతులు చెప్పింది.

"నాలుగింటి నుంచి నలభై నిమిషాలు. ఎవురూ లేచి కూర్చోకూడదు. ఎవురినీ నవ్వించకూడదు."

"నవ్వించకూడదా?"

"నవ్వితే దగ్గొస్తాది. మిమ్మల్ని సూస్తే ఆ భయం లేదనుకుంటాండా."

ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె గురించి ఇంత రాయవలసిన అవసరమూ లేదు.

ఆగస్టు 9

ఇవాళ సిస్టర్ నాలుగు జ్వరం చార్టులు తెచ్చి బల్ల మీద పరిచింది. నాలుగింటికి తొంభైతొమ్మిది, నేను పోయాక నూరు. నలుగురికీ అదే వరస.

"ఏం చెప్తాండారు మీరు వీళ్ళకు?"

"ఉచ్చారణ."

ఫ్రెంచిలో ‘ర’ నాలుకతో పలికేది కాదు. గొంతు అడుగున గీరినట్టు పలకాలి. నేను పలికి చూపిస్తే నలుగురూ శ్రద్ధగా గీరారు. మల్లప్ప మరీ శ్రద్ధగా గీరాడు. తర్వాత ఆరింటిదాకా దగ్గులేనట.

ఆ అక్షరాన్ని వార్డులో నిషేధిస్తున్నట్టు సిస్టర్ కాగితం మీద రాసి స్తంభానికి అతికించింది. ఇకమీదట మేము ‘ర’ లేని ఫ్రెంచి చదువుతాం. ఫ్రెంచివాళ్ళు పారిస్ నగరాన్నే వదులుకున్నారు, నేను ఒక్క అక్షరం వదులుకోలేనా?

ఆగస్టు 30

భూగోళం మాత్రం దివ్యంగా సాగుతోంది. ఉష్ణోగ్రత రేఖాపటం గీయడం కాలేజీ పిల్లలకు నేర్పాలంటే నెల పడుతుంది. వీళ్ళకు ఒక్క రోజు పట్టింది. పొద్దునా సాయంత్రం వాళ్ళ మంచం కాళ్ళ దగ్గర వేలాడేది అదే కదా. మద్రాసు ఏడాది ఉష్ణోగ్రత గీసి చూపించగానే రుక్మిణమ్మ తెర వెనక నుంచి, "అయ్యో, మే నెలలో ఈమెకు బాగలేదే," అంది.

ఈ ఊరి గాలి పొడిగా ఉంటుందనీ, ఎత్తు మీద ఉండడం ఊపిరితిత్తులకు మంచిదనీ చెప్పాను. మల్లప్ప చెయ్యెత్తాడు.

"గాలికి అంత మహిమ ఉంటే నేను గంగవరంలో పుట్టినోణ్ణి, నలభయ్యారేండ్లు ఈ గాలే పీలిస్తి. నాకు యాల వొచ్చె సారూ ఈ జబ్బు?"

రేపు చెబుతానన్నాను. రేపటి రేపు కూడా అదే అంటాను.

సెప్టెంబరు 22

అమ్మ కుప్పం నుంచి వచ్చింది. నేను క్షయ ఆసుపత్రికి పోతున్నానని ఎవరో చెప్పారట. మూడు రోజులుగా నన్ను గడప బయటే వేపాకు నీళ్ళతో స్నానం చేయించి, గుడ్డలు మార్పించి లోపలికి రానిస్తోంది. ఎదురింటివాళ్ళు కిటికీలు తెరిచి చూస్తున్నారు.

"మీ మామ కుర్చీ పెట్టుకోని కాసుకోని ఉండాడు. ఈ రోగాల మధ్య నీకేం ఖర్మరా? ఆ విక్టోరియా ఎవురు?"

"ఏ విక్టోరియా?"

"అన్నం తింటా నాలుగుసార్లు అంటివే."

ఒక్కసారే అన్నాను. అమ్మకు ఈ మధ్య చెవులు సరిగా పనిచేయడం లేదు.

అక్టోబరు 5, శనివారం

శనివారం శనివారం వాళ్ళకు బరువు చూస్తారు. పెళ్ళివారి సందడి ఆ రోజు. మునికృష్ణ మూడు పౌన్లు పెరిగాడు. సంతోషం.

అక్టోబరు 12

మునికృష్ణ ఇంకో రెండు పౌన్లు. సంతోషమే.

అక్టోబరు 26

ఇంకో మూడు. ఇంత తొందరగా బరువు పెరగడం అంత మంచిది కాదని ఎక్కడో చదివినట్టు గుర్తు.

నవంబరు 9

మునికృష్ణకు కఫం పరీక్ష రెండోసారి కూడా శుభ్రంగా వచ్చింది. మూడోసారీ అలాగే వస్తే డిసెంబరు మొదటి వారంలో ఇంటికి. తనిఖీ జనవరి ఇరవైన.

కాలేజీకి వచ్చి చదువు సాగించమని అడిగాను. హాస్టల్లో నేనే చోటు చూస్తానన్నాను. వాడు చాలా మర్యాదగా నవ్వాడు.

"మంచం దిగినాక ఫ్రెంచి యాల సార్? మాయమ్మ ఒక్కతే సేద్యం జేసుకుంటాండాది. నేను బోయి మడక పట్టకుంటే ఈ తూరి చెనిక్కాయ కూడా రాదు."

పొద్దుపోవడానికి చదివాడు, పొద్దు గడిచింది, పోతున్నాడు. ఇందులో వాడి తప్పేముంది? ఏమీ లేదు. అదే నాకు కోపం తెప్పిస్తోంది.

నవంబరు 16

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మునికృష్ణ ఆరోగ్యం గురించి ఆందోళనతోనే పెద్ద డాక్టరు గదికి వెళ్ళాను. చలికాలంలో కుప్పం వైపు పల్లెల్లో మంచు ఎక్కువనీ, తొందరపడి పంపితే జబ్బు తిరగబెట్టవచ్చుననీ, జనవరి ఇరవైరెండు దాకా ఉంచితే అన్ని విధాలా క్షేమమనీ చెప్పాను. డాక్టరు అంతా విన్నాడు.

"ఇరవైరెండే యాల? ఇరవై మూడు కాకూడదా?"

భూగోళంలో అలాగే ఉందన్నాను. ఆయన నవ్వాడు. కానీ నా వెనక గుమ్మంలో సిస్టర్ విక్టోరియా మందుల పళ్ళెంతో నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు. వరండాలోకి వచ్చాక నెమ్మదిగా, ఎవరికీ వినపడకుండా అంది.

"ఈడి నుంచి మనుషులు పోయేది రెండు దార్లే సార్. ఒకటి గేటు దారి, ఇంకోటి వెనక తోట దారి. ఏడేండ్లలో గేటు దారిన పోయినోళ్ళ పేర్లన్నీ నాకు నోటికొస్తాయి. ఎక్కువ మంది లేరు గాబట్టి. ఆ దారిన పోయేవోణ్ణి ఆపేదానికి వస్తిరా మీరు?"

నల్లబల్ల తీసుకోకుండానే వచ్చేశాను.

నవంబరు 17

నేను నీచుణ్ణి.

నవంబరు 18

నిన్న రాసింది కొంచెం ఎక్కువైంది. అయినా కొట్టివేయను.

డిసెంబరు 8

నిన్న మునికృష్ణను నేనే కుప్పం తీసుకెళ్ళాను. ఎవరూ అడగలేదు. నల్లబల్ల కోసం వెళ్ళి, నేను తోడు పోతానని సిస్టర్‌తో చెప్పాను. ఆమె దారికి నాలుగు ఉడకబెట్టిన గుడ్లు కట్టి ఇచ్చింది. రెండు వాడికి, రెండు నాకు అని విడిగా చెప్పింది కూడా.

బస్సు ఆసుపత్రి ముందు ఆగేసరికి కండక్టరు మునికృష్ణను వెనక సీటులో ఒంటరిగా కూర్చోమన్నాడు. నేను పోయి వాడి పక్కనే కూర్చున్నాను. పుంగనూరు దాటాక దుమ్ముకు నాకు దగ్గొచ్చింది. బస్సంతా వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఒక ముసలాయన నన్ను దింపేయమన్నాడు. అప్పుడు మునికృష్ణ లేచి నిలబడి, "ఆయనకేమీ లేదు, లెక్చరరు, నాది గ్యారంటీ," అని చెప్పాడు. నమ్మారు. వాడు అంత పుష్టిగా ఉన్నాడు.

పల్లెలో వాడి తల్లి మారెమ్మ ఇంటిముందు నిలబడి ఉంది. ఇరుగుపొరుగువాళ్ళు చెప్పారట, గొడ్ల చావిట్లో మంచం వేసి, పక్కన వేరే కంచం బోర్లించి ఉంచింది. ఆమె కొడుకు దగ్గరకొచ్చి సంతలో దూడను చూసినట్టు జబ్బలు తడిమింది, దవడలు పట్టుకుని చూసింది. లోపలికి పోయి తన కంచంలోనే సంగటి పెట్టి తెచ్చి, ముందు తానొక ముద్ద తిని, అదే కంచం వాడి చేతికిచ్చింది.

నాకు ఏడుపొచ్చింది. జనవరిలో నా ఉద్యోగం పోతే పోనీ అని ఆ ఒక్క క్షణం నిజంగా అనుకున్నాను.

కుప్పం బస్టాండులో మామ ప్రభుదాసు కంట పడకూడదని సంచుల చాటున నిలబడ్డాను. ఆయన సంచుల చాటుకే వచ్చాడు.

"కుర్చీకి కొత్త పేము అల్లించినానురా. కూర్చోని సూసి పో," అన్నాడు.

1941 జనవరి 8

హాజరు వేసేటప్పుడు మునికృష్ణ పేరుకు ఎదురుగా మూడు రోజులు ‘హా’ పడింది. చేతి అలవాటు.

జనవరి 13

ఇంకో నాలుగు రోజులు. చెయ్యి ఇంకా మానలేదు.

జనవరి 20, సోమవారం

వచ్చారు. మద్రాసు నుంచి ఇద్దరు పెద్దమనుషులు. కారు దిగి, ఆసుపత్రి బోర్డు చదివి, జేబురుమాళ్ళు ముక్కులకు కట్టుకుని, గన్నేరు కంచెకు అవతలే ఆగిపోయారు. వరండాకు వాళ్ళకు మధ్య నలభై గజాలు. అక్కడి నుంచే తనిఖీ చేస్తామన్నారు. ప్రిన్సిపాల్ గారు ఇద్దరికీ గొడుగులు పట్టించారు.

రోగులు గట్టిగా మాట్లాడకూడదు. కాబట్టి నేను పేరు అరవడం, వాళ్ళు పడుకునే చెయ్యెత్తడం అని సిస్టర్ ఏర్పాటు చేసింది. బర్నబాస్ చెయ్యెత్తాడు. మల్లప్ప రెండు చేతులూ ఎత్తాడు. తెర పైనుంచి రుక్మిణమ్మ చెయ్యి, గాజులతో సహా, కనిపించింది. రెడ్డెప్పను బండిలో తెచ్చాం. వాడు స్తంభం పక్కన ఊపిరి బిగబట్టి, మొహం ఎర్రగా చేసుకుని నిలబడ్డాడు.

అయిదో పేరు రావాలి. నేను ఇంకా నోరు తెరవనే లేదు, మునికృష్ణ మంచం మీదకు ముందురోజే వచ్చిన కొత్త రోగి చెయ్యెత్తేశాడు. పక్క మంచం మీద మల్లప్ప చూరుకేసి అమాయకంగా చూస్తున్నాడు. ఇది ఆయన చేసిన ఏర్పాటని నాకు అర్థమైంది. నలభై గజాల నుంచి చూస్తే ఏ చెయ్యయినా చెయ్యే. పెద్దమనుషుల్లో ఒకాయన అయిదు అని లెక్కపెట్టి కాగితం మీద కలం పెట్టాడు కూడా.

నేను సిస్టర్‌ వైపు చూడలేదు. చూస్తే ఆమెకోసమే చెప్పినట్టవుతుంది. కొత్తగా వచ్చిన ఆ రోగిని చూశాను. పాపం, బాగా చిక్కిపోయి ఉన్నాడు. ఎత్తిన చేతిని రెండో చేత్తో ఆనించి పట్టుకున్నాడు.

"మునికృష్ణ లేడు," అని అరిచాను. "నయమై ఇంటికి పోయాడు. ఈ నెల వాడి హాజరు నేను దొంగగా వేశాను."

పెద్దాయనకు చెవుడట. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమిటీ?" అన్నాడు. మొత్తం మళ్ళీ అరవవలసి వచ్చింది. రెండోసారికి వంటవాళ్ళు కూడా బయటికొచ్చి విన్నారు. సిద్దప్ప కారు పక్కన తల పట్టుకుని కూర్చున్నాడు.

"నయమైందా? మంచిది, మంచిది," అన్నాడు పెద్దాయన. "అయితే నలుగురే."

ఫిబ్రవరి 17

ఉత్తర్వు వచ్చింది. రెండు సబ్జెక్టులూ నెలాఖరుతో రద్దు. ఉన్న నలుగురూ తమంతట తాము చదువుకుని పరీక్ష రాయవచ్చు. హాజరు విషయంలో నామీద చర్య అక్కర్లేదని ప్రిన్సిపాల్ గారు వాళ్ళకు రాసి, ఆ కాగితం నాకు చూపించకుండా బీరువాలో పెట్టారు. సిద్దప్ప చూపించాడు.

మామకు జాబు రాశాను. మార్చి నాలుగు, మంగళవారం చేరతానని.

మార్చి 1, శనివారం

ఆఖరి క్లాసు. నిన్నటితో రద్దయింది కాబట్టి ఇది లెక్కలో లేనిది. మల్లప్ప ఈ వారం నాలుగు పౌన్లు పెరిగాడు. చాలా సంతోషం. నిజంగా.

"యూనివర్సిటీ వొద్దంటే వొద్దననీ సారూ," అన్నాడాయన. "సదివేవోళ్ళం మేము. వాళ్ళకేం పని? బర్నబాసు చెప్తాడు, నేను తప్పులు పడతా."

రుక్మిణమ్మ తెర పక్కకు జరిపి నమస్కారం పెట్టింది. ఏడు నెలల్లో ఆమె మొహం చూడడం ఇదే మొదలు. నేనూ చేతులు జోడించాను. నల్లబల్ల తుడిచి దించుతుంటే సిస్టర్ విక్టోరియా వచ్చి థర్మామీటరు నా నోట్లో పెట్టింది. నాలుగింటికి వార్డులో ఉన్నవాళ్ళందరికీ జ్వరం చూడడం ఆమె పద్ధతట. ఏడు నెలలుగా నేను వార్డులోనే ఉన్నాను. ఇన్నాళ్ళూ లేని పద్ధతి ఇవాళే ఎందుకు గుర్తొచ్చిందో అడుగుదామంటే నోట్లో థర్మామీటరు ఉంది.

తీసి, వెలుతురుకు పెట్టి చూసింది.

"తొంభైఎనిమిది పాయింటు నాలుగు. మీకేమీ లేదు. ఇంటికి పోవచ్చు."

ఈ మాట విన్నవాళ్ళందరూ ఈ వరండాలో ఆనందంతో ఏడ్చారు. నేను మాత్రం తుడిచిన నల్లబల్లను మళ్ళీ తుడిచాను.

"ఇంకో పదిరోజులు ఉంచుకోకూడదా?" అన్నాను.

"యాల?"

"గాలి మంచిది."

సిస్టర్ గోడ వైపు తిరిగింది. వార్డులో నవ్వకూడదన్నది ఆమె పెట్టిన నియమమే. భుజాలు కదిలాయి. కాసేపటికి మళ్ళీ ఇటు తిరిగినప్పుడు మొహం మామూలుగానే ఉంది.

"జబ్బు లేనోళ్ళకు మంచాలు లేవు సార్. సూసిపోయేదానికి వచ్చేవోళ్ళయితే ఆదివారం మూడింటి నుంచి అయిదింటి దాకా రావొచ్చు. గేటుకాడ పుస్తకంలో ఎవురిని సూసేదానికి వచ్చినారో పేరు రాయాల."

"ఎవరి పేరు రాయను?"

"దొంగగా మాత్రం రాయొద్దండి," అంది, మునికృష్ణ ఉండిన మంచం వైపు పోతూ.

పెట్టె సర్దడం అయిపోయింది. కుప్పంలో శనివారం సాయంత్రం బయలుదేరే బస్సు ఉందో లేదో కనుక్కోవాలి. ఆదివారం ప్రార్థన గురించి మామకు ఏం చెప్పాలో ఇంకా తోచలేదు. చెప్పేది నిజమే చెబితే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నాను.